ఏ సర్వర్‌లో చేరాలి? ముందు తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడండి

"బాబాయ్, ఇది సర్వర్ ఎంచుకోమంటోంది. ఏది నొక్కాలి?"

మొన్న ఆదివారం మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది. సీనియర్లు చెబితే ట్విట్టర్ లాంటి మాస్టడాన్ యాప్ వేసుకుంది. తెరవగానే మాస్టడాన్.సోషల్‌లో చేరమని ఒక బటన్, దాని కిందే వేరే సర్వర్ ఎంచుకోమని ఇంకో బటన్ కనిపించాయట. రెండోది నొక్కితే ఎంత కిందికి జరిపినా తరగని జాబితా వచ్చింది. "తప్పుది నొక్కితే మళ్లీ మార్చుకోలేనేమోనని టెన్షన్‌గా ఉంది" అంది.

ఆ టెన్షన్‌లో అర్థం ఉంది. 2019 నవంబర్‌లో నేనూ ఆ జాబితా ముందే కూర్చున్నాను. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినందుకు కోపమొచ్చి మన దేశం నుంచి చాలామంది మాస్టడాన్ వైపు వచ్చిన రోజులవి. పేరు ముచ్చటగా ఉందని ఒక చిన్న సర్వర్ నొక్కేశాను. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో కాస్త ఆగి చెబుతాను.

అసలు ఈ ప్రశ్న ఎందుకు వస్తుంది? ఫేస్‌బుక్‌లో చేరేవాళ్లని ఏ సర్వర్ అని ఎవరూ అడగరు. అక్కడ ఇల్లూ వాకిలీ అన్నీ ఒక్క కంపెనీవే. మాస్టడాన్ అలాంటి సైటు కాదు. అది 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో రాసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన సాఫ్ట్‌వేర్. యూనివర్సిటీ, పత్రిక, నలుగురు స్నేహితులు, ఒంటరి మనిషి, ఎవరైనా సరే ఒక కంప్యూటర్ అద్దెకు తీసుకుని అందులో దాన్ని నడుపుకోవచ్చు. జర్మనీ ప్రభుత్వానికి సొంత సర్వర్ ఉంది. బీబీసీ 2023లో ఒకటి పెట్టింది. ఇలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. ఇవన్నీ యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సీ 2018 జనవరిలో ఆ పద్ధతికి ఆమోదముద్ర వేసింది.

ఈమెయిల్ వాడేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. జీమెయిల్ నుంచి యాహూకి ఉత్తరం వెళ్తుంది. మీ చిరునామాలో @ గుర్తు తర్వాత ఏముందో దాన్నిబట్టి మీ డబ్బా ఎక్కడుందో తెలుస్తుంది. మాస్టడాన్ చిరునామా కూడా అంతే, ముందు మీ పేరు, తర్వాత సర్వర్ పేరు. ఏ సర్వర్‌లో ఉన్నా మిగతా సర్వర్లలోని వాళ్లని ఫాలో కావచ్చు, జవాబివ్వచ్చు, వాళ్ల పోస్టులు పంచుకోవచ్చు.

"మరైతే ఏదైనా ఒకటేగా!" అంటారు చాలామంది, సలహా ఇచ్చేవాళ్లు కూడా. చదవడానికి, రాయడానికి అయితే నిజంగానే ఒకటే. కానీ మీ పోస్టులు ఎవరి డిస్కు మీద ఉంటాయి, మిమ్మల్ని ఎవరైనా వేధిస్తే ఎవరు పట్టించుకుంటారు, ఎవరి మాటలు మీదాకా రాకుండా ఆగిపోతాయి, ఒక పొద్దున సర్వర్ లేవకపోతే మీకేం మిగులుతుంది, ఇవన్నీ మీరు నొక్కిన ఆ ఒక్క పేరు మీద ఆధారపడతాయి.

జాబితాలో సర్వర్లని అంశాల వారీగా పెడతారు. టెక్నాలజీ, కళలు, ఆటలు, ఫలానా దేశం, ఫలానా ఊరు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువ సమయం దీని మీదే పెడతారు. నాకు బొమ్మలూ ఇష్టం, కోడింగూ ఇష్టం, మరి ఎటు వెళ్లాలి అని తల పట్టుకుంటారు. నా అనుభవంలో అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది ఇదే. మీరు ఎవరిని ఫాలో అవుతారో వాళ్ల పోస్టులే మీ ముందుకు వస్తాయి, వాళ్లు ఏ సర్వర్‌లో ఉన్నా సరే. అంశం పనికొచ్చేది లోకల్ టైమ్‌లైన్‌లో, అంటే ఆ సర్వర్ సభ్యుల పోస్టులు మాత్రమే కనిపించే చోట. మ్యాథ్‌స్టడాన్ లాంటివి మినహాయింపు. గణితం వాళ్ల కోసం పెట్టిన ఆ సర్వర్‌లో సమీకరణాలు పుస్తకంలో అచ్చేసినట్టు కనిపిస్తాయి. ఓపెన్ సోర్స్ వాళ్ల ఫాస్టడాన్‌లో అయితే బహిరంగ పోస్టులు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం చాలాకాలం ఉండేది. అందరి పోస్టులూ చదివి చూసుకోవాలంటే తమకు తెలిసిన భాషలో ఉండాలి కదా అన్నది వాళ్ల వాదన. నిజాయితీగల వాదనే, తప్పు పట్టను. కానీ తెలుగులో రాసుకోవాలనుకునే మనిషి నియమాలు చదవకుండా అలాంటి చోట చేరితే మొదటి పోస్టుకే ఇబ్బంది.

అంశం కంటే ముందు చూడాల్సింది మనుషుల్ని. నడిపేది ఎవరు? ఎంతమంది? ఖర్చు ఎక్కణ్నుంచి వస్తోంది?

మాస్టడాన్‌లో ఇద్దరి మధ్య పంపుకునే సందేశాలకి తాళం ఉండదు. వాట్సాప్‌లో మాదిరి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సంకేతాల్లో దాచి పంపే ఏర్పాటు ఇందులో లేదు. సర్వర్ నడిపే మనిషి, అంటే అడ్మిన్, చూడాలనుకుంటే డేటాబేస్ తెరిచి చూడగలరు. చాలామంది చూడరు, చూడాలన్న ఆసక్తీ తీరికా వాళ్లకి ఉండవు. అయినా చూడగలరన్నది గుర్తుపెట్టుకోవాలి. పైగా ప్రమాదం అడ్మిన్ ఒక్కరి నుంచే రాదు. 2023 మే నెలలో అమెరికాలో కోలెక్టివా.సోషల్ అడ్మిన్లలో ఒకరి ఇంటిని వేరే ఏదో విషయంలో ఎఫ్‌బీఐ సోదా చేసింది. ఆ సమయంలో ఆయన సర్వర్ డేటాబేస్ బ్యాకప్ మీద పనిచేస్తున్నారు. సంకేతాల్లో దాచని ఆ కాపీ కూడా మిగతా సామానుతో పాటు వాళ్ల చేతికి పోయింది. సోదాకి ఏ సంబంధమూ లేని సభ్యుల ఈమెయిల్ చిరునామాలు, సొంత సందేశాలు అందులో ఉన్నాయి. అందుకే మా పిల్లకి మొదట చెప్పిన మాట, ఫోన్ నంబరు, అడ్రసు, ఇంటి విషయాలు అక్కడి సందేశాల్లో పెట్టొద్దని.

ఇక ఎంతమంది నడుపుతున్నారన్న సంగతి. నా సొంత కథ ఇక్కడిదే. నేను చేరిన చిన్న సర్వర్‌ని నడిపింది ఒక్క మనిషే. మంచివాడు, అడిగితే జవాబిచ్చేవాడు. రెండేళ్లు బాగా సాగింది. ఒక సోమవారం పొద్దున తెరిస్తే తెల్ల పేజీ, మధ్యలో 502 అన్న అంకె. మామూలుగా వచ్చే అంతరాయమే అనుకుని సాయంత్రం దాకా ఆగాను. తర్వాత వారం ఆగాను. నెల తర్వాత ఆ పేరే పలకడం మానేసింది. ఆయనకి ఏమైందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆ మనిషి క్షేమంగా ఉన్నాడా అన్న బెంగ ముందొచ్చింది, నా పోస్టుల బెంగ తర్వాత.

కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచాక అసలు దెబ్బ అర్థమైంది. మాస్టడాన్‌లో ఇల్లు మారడానికి పద్ధతి ఉంది. ముందు కొత్త ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నా పాత ఖాతా ఇదీ అని రాసిపెట్టాలి. తర్వాత పాత ఖాతాలోకి లాగిన్ అయి, ఫలానా చోటికి మారుతున్నాను అని పాస్‌వర్డ్ కొట్టి ఒప్పుకోవాలి. అప్పుడు పాత సర్వర్ మీ ఫాలోవర్లు ఉన్న సర్వర్లన్నిటికీ కబురు పంపుతుంది, ఫాలోవర్లు దాదాపుగా అందరూ ఆటోమేటిగ్గా కొత్త ఖాతా వైపు తిరుగుతారు. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి. గమనించారా, ఆ కబురు పంపాల్సింది పాత సర్వర్. అది బతికి ఉంటేనే పని జరుగుతుంది. నాది పోయింది కాబట్టి మూడొందల చిల్లర మందిలో ఒక్కరూ వెంట రాలేదు. గుర్తున్నవాళ్లని ఒక్కొక్కర్నీ వెతుక్కుని, "నేనే, ఇప్పుడు ఇక్కడున్నాను" అని రాసుకోవాల్సి వచ్చింది.

సర్వర్ బతికే ఉన్నా పోస్టులు మాత్రం కొత్త ఇంటికి రావు. పాత పోస్టులన్నీ మూటగట్టి దించుకోవచ్చు, కానీ ఆ మూటని కొత్త సర్వర్‌లో విప్పే వీలు లేదు. ఫోన్ కంపెనీ మారినా నంబరు అదే ఉండే సౌకర్యం మన దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది, మనకి అది అలవాటైపోయింది. ఇక్కడ మనుషులు వెంట వస్తారు గానీ నంబరూ మారుతుంది, పాత మాటలూ పాత ఇంట్లోనే ఉండిపోతాయి.

సర్వర్లు మూతపడటం అరుదైన సంగతేమీ కాదు. మాస్టడాన్.టెక్నాలజీ అనే పేరున్న సర్వర్ 2022 డిసెంబర్‌లో ఆగిపోయింది, నడిపే మనిషికి ఇంట్లో కష్టం వచ్చి. సరిగ్గా ఆ నెలల్లోనే ఈలాన్ మస్క్ ట్విట్టర్ కొన్నారు, జనం వరదలా ఇటు వచ్చారు. నెలకి సుమారు 3 లక్షల మంది వాడే మాస్టడాన్‌ని నవంబర్‌లో 25 లక్షల మంది వాడారని రోచ్కో రాశారు. ఆ బరువంతా జీతంలేని అడ్మిన్ల మీద పడింది. మాస్టడాన్.లాల్ నడిపిన ఆయన తన మీదకి వెల్లువెత్తిన తిట్లు భరించలేక 2023 ఫిబ్రవరిలో ఇక చాలన్నారు. అప్పటికి అందులో సుమారు 12,000 మంది చురుగ్గా ఉన్నారు. అంత విసుగులోనూ ఆయన మూడు నెలల గడువు ఇచ్చారు, జనం సర్దుకుని వెళ్లగలిగారు. నాకు దొరకనిది ఆ గడువే.

ఇంకో సర్వర్ కథ వేరుగా నడిచింది. హాకిడెర్మ్‌ని మొదలుపెట్టింది క్రిస్ నోవా అనే అమెరికా ఇంజినీరు. సియాటిల్‌లో ఆమె ఇంటి నేలమాళిగలో పెట్టిన యంత్రాల మీద నడిచేది. 2022 నవంబర్ ఒక్క నెలలో సభ్యులు వెయ్యి లోపు నుంచి 30,000 దాకా పెరిగారు. డిస్కులు మొరాయించాయి. నేలమాళిగ నుంచి జర్మనీలోని డేటా సెంటర్‌కి మార్చారు. ఏం పాడైంది, ఎలా బాగుచేశాం అన్నది దాచకుండా రాశారు. పక్కన మనుషుల్ని చేర్చుకున్నారు, వెనకాల ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేశారు. 2023 ఆగస్టులో ఆమె కొండ ఎక్కుతూ ప్రమాదంలో చనిపోయారు. సర్వర్ ఆగలేదు. తాళాలు ఆమె ఒక్కరి దగ్గరే లేవు కనుక.

ఈ తేడా గురించే మాస్టడాన్ సంస్థ 2019లో సర్వర్ ఒడంబడిక ఒకటి పెట్టింది. తమ అధికారిక జాబితాలో పేరు ఉండాలంటే అడ్మిన్లు నాలుగు మాటలు ఇవ్వాలి. జాతి, లింగం పేరుతో ద్వేషం చిమ్మేవాళ్లని ఊరుకోకూడదు. రోజూ బ్యాకప్ తీయాలి. అత్యవసరమైతే సర్వర్‌లోకి వెళ్లగల మనిషి ఇంకొకరైనా ఉండాలి. మూసేయాలనుకుంటే కనీసం మూడు నెలల ముందు చెప్పాలి. ఇది మాట మాత్రమే, కోర్టుకి వెళ్లి అమలు చేయించుకోగల ఒప్పందం కాదు. అయినా మాట ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా ఉందనే నేను నమ్ముతాను.

సర్వర్ పేరు చివర్లో ఉండే రెండక్షరాలని కూడా చూడండి. క్వీర్.ఏఎఫ్ అన్న సర్వర్ పేరు చివరి ఏఎఫ్ అఫ్గానిస్థాన్ దేశానిది. పేరు సరదాగా కుదిరిందని తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వం ఆ డొమైన్ ఆపేసింది. యంత్రం బాగానే ఉంది, అడ్మిన్లు బాగానే ఉన్నారు, చిరునామా లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలా సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. ఇతర సర్వర్ల నుంచి వచ్చే బొమ్మలూ వీడియోల కాపీలు కూడా దాచుకోవాలి కాబట్టి సభ్యులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. నెలనెలా లెక్క బయటపెట్టే సర్వర్ అయితే మంచి గుర్తు. సోషల్.కూప్ అని ఒకటుంది, అది మన పాల సంఘం లాంటి సహకార పద్ధతి. సభ్యులు చందా కడతారు, నియమాల మీద ఓటు వేస్తారు.

ఇప్పుడు కొత్తవాళ్లు దాదాపుగా ఎవరూ చూడని విషయం. ప్రతి సర్వర్‌కీ వేరే సర్వర్లని వెలివేసే అధికారం ఉంది. 2019లో గ్యాబ్ అనే సైటు ద్వేషపూరితమైన పోస్టుల చరిత్రతో మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌లోకి మారినప్పుడు చాలా సర్వర్లు దానికి తలుపులు మూశాయి. మంచి పనే. తర్వాత ఇదే యాక్టివిటీపబ్ పద్ధతిలోకి వచ్చిన మెటా వాళ్ల థ్రెడ్స్ విషయంలో మాత్రం అభిప్రాయాలు చీలాయి. కొన్ని సర్వర్లు దాన్ని రానిచ్చాయి, కొన్ని ససేమిరా అన్నాయి. మీ స్నేహితులు థ్రెడ్స్‌లో ఉంటే ఇది మీకు ముఖ్యం. సర్వర్ గురించి చెప్పే పేజీలో, నియమాల కింద, ఎవరెవర్ని ఆపారో జాబితా చాలామంది బయట పెడతారు, పక్కన కారణం కూడా రాస్తారు. ఆ జాబితా చదివితే అడ్మిన్ స్వభావం తెలిసిపోతుంది. మూడే పేర్లుంటే పట్టించుకోవడం లేదేమో. కారణాలు రాయకుండా వందలు ఉంటే చిరాకు మనిషేమో. ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించాలి, మీ సర్వర్‌ని ఇతరులు వెలివేసి ఉండొచ్చు. అప్పుడు మీరు రాసింది అక్కడికి చేరదు, చేరలేదని మీకు ఎవరూ చెప్పరు కూడా.

తెలుగువాళ్లుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దీన్ని ఏ ఇంగ్లీషు గైడులోనూ చూడలేదు. మిమ్మల్ని తెలుగులో తిడితే, ఫిర్యాదు ఎవరు చదువుతారు? "నీ సంగతి చూస్తా" అన్న మాటని అనువాద యంత్రంలో పెట్టండి. మాటకి మాట మారిస్తే సాయం చేస్తానన్నట్టు వినిపిస్తుంది. మనకి అది బెదిరింపు. కులం పేరు ఎత్తకుండా కులాన్ని ఎత్తిపొడిచే మాటలు మనకి వంద ఉన్నాయి, బెర్లిన్‌లో కూర్చున్న మోడరేటర్‌కి ఒక్కటీ అందదు. ముఖ్యంగా ఆడపిల్లలు ఇది అడిగి తెలుసుకోవాలి. చేరేముందు అడ్మిన్‌కి ఒక మెయిల్ రాయండి, భారతీయ భాషలు చదవగలవాళ్లు మీ జట్టులో ఉన్నారా, లేకపోతే అలాంటి ఫిర్యాదుని ఎలా చూస్తారు అని. జవాబు ఏదైనా, ఎంత ఓపికగా ఇచ్చారన్నది మీకు చాలా చెబుతుంది.

తెలుగు పోస్టులు కనిపించడం కూడా సర్వర్ మీద ఆధారపడుతుంది. మీరు తెలుగు అన్న హ్యాష్‌ట్యాగ్ నొక్కితే ప్రపంచంలోని తెలుగు పోస్టులన్నీ రావు. మీ సర్వర్‌కి చేరినవి మాత్రమే వస్తాయి. చేరేవి ఎక్కువగా అక్కడి సభ్యులు ఎవరెవర్ని ఫాలో అవుతున్నారో వాళ్లవి. తెలుగువాళ్లు ఒక్కరూ లేని చిన్న సర్వర్‌లో ఆ ట్యాగ్ ఖాళీగా కనిపించి, అసలు ఎవరూ రాయడం లేదనిపిస్తుంది. నేను రెండు ఖాతాలు పక్కపక్కన తెరిచి చూశాను. పెద్ద సర్వర్‌లో కిందికి జరుపుతుంటే వస్తూనే ఉన్నాయి, చిన్నదాంట్లో నాలుగు పోస్టులు, అందులో రెండు నావే. మాటలు వెతికే సౌకర్యం కూడా అంతే. పోస్టుల్లోని మాటల్ని వెతకడం 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 4.2 వెర్షన్‌తో మెరుగైంది. దానికి సర్వర్ మీద అదనపు సాఫ్ట్‌వేర్ నడపాలి, అందరూ నడపరు. రాసినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పోస్టులు అందులో దొరుకుతాయి కూడా.

వెర్షన్ అన్నాను కాబట్టి ఒక మాట. 2023 జులైలో మాస్టడాన్‌లో తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మోజిల్లా కోరితే చేసిన పరిశీలనలో. సరిచేసిన వెర్షన్ వెంటనే ఇచ్చారు, కానీ దాన్ని వేసుకోవాల్సింది ఏ అడ్మిన్‌కి ఆ అడ్మినే. పేజీ అడుగున వెర్షన్ నంబరు ఉంటుంది. బాగా పాతది కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరూ తిరగడం లేదని అర్థం.

ఇవన్నీ విన్నాక మా పిల్ల అడిగింది, "ఇంత గొడవెందుకు బాబాయ్, అన్నిటికంటే పెద్దదాంట్లో చేరిపోతే?" చేరొచ్చు. మాస్టడాన్.సోషల్‌ని నడిపేది సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థే, జీతగాళ్లు ఉన్నారు, రేపో ఎల్లుండో మాయమైపోదు. 2023 మే నుంచి యాప్‌లో మొదటి బటన్ అదే. హ్యాష్‌ట్యాగ్‌లు నిండుగా ఉంటాయి. ఏమీ తేల్చుకోలేని మనిషికి అది చెడ్డ సలహా కాదు. నేను మాత్రం ఒక మెట్టు కిందికి దిగి చూడమంటాను, కొన్ని వేల మంది ఉండి, ముగ్గురు నలుగురు నడిపే చోటు. అంతా ఒక్కచోటే చేరితే ఆ ఒక్క చోటు తీసుకునే నిర్ణయం మళ్లీ అందరి నెత్తినా పడుతుంది. ట్విట్టర్‌కి పోటీగా మన దేశంలో వచ్చిన కూ యాప్ 2024 జులైలో మూతపడినప్పుడు అందులో తెలుగులో రాసుకున్నవాళ్లకి పక్క సర్వర్ అన్న మాటే లేదు. సొంత సర్వర్ పెట్టుకోవచ్చు కూడా, కానీ బ్యాకప్‌లూ అప్‌డేట్లూ మీరే చూసుకోవాలి, తెలుగు ట్యాగ్ ఎడారిలా ఉంటుంది. మొదటి ఖాతాకి అది వద్దు.

ఎక్కడ చేరినా ఒక పని అలవాటు చేసుకోండి. సెట్టింగ్స్‌లో ఎగుమతి అన్న చోటికి వెళ్లి, మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితా, బ్లాక్ చేసినవాళ్ల జాబితా నెలకోసారి దించుకోండి. వాటిని కొత్త సర్వర్‌లో ఎక్కించుకోవచ్చు. మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లలో ముఖ్యమైనవాళ్ల జాబితా మీరే విడిగా రాసిపెట్టుకోండి. అది ఎక్కించడానికి పనికిరాదు, కానీ ఎవరెవరు ఉండేవాళ్లో పేర్లు మిగులుతాయి. పోస్టుల మూట ఏడు రోజులకోసారి అడగొచ్చు. నా దగ్గర ఆ పేర్ల జాబితా ఒక్కటుంటే మూడొందల మందిలో సగం మందినైనా వెతుక్కునేవాణ్ని.

బుధవారం మా పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. మూడు సర్వర్ల పేజీలు చదివిందట. ఒకదాంట్లో నడిపేవాళ్ల పేర్లే లేవు, వదిలేసింది. ఇంకోదాంట్లో ముగ్గురు అడ్మిన్లు, రోజూ బ్యాకప్, లెక్కలు, అన్నీ ఉన్నాయి. తెలుగు సంగతి అడుగుతూ మెయిల్ రాస్తే మర్నాడే జవాబొచ్చింది. మాలో తెలుగు చదివేవాళ్లు లేరు, అలాంటి ఫిర్యాదు వస్తే నీ వివరణ అడిగి, తేలేదాకా అవతలి ఖాతాని పరిమితం చేస్తాం అని రాశారు. "లేరని చెప్పారు చూడు బాబాయ్, అది నచ్చింది" అంది.

చేరి మొదటి పోస్టు తెలుగులో పెట్టింది. నాకు కనిపించలేదు. చూస్తే పోస్టు రాసే పెట్టె కింద భాష ఇంగ్లీషు అనే ఉండిపోయింది. నేను బహిరంగ టైమ్‌లైన్‌లో, అంటే సర్వర్‌కి చేరిన అందరి పోస్టులూ కనిపించే చోట, తెలుగు మాత్రమే కనిపించేలా పెట్టుకున్నాను మరి. "అక్కడ నొక్కి తెలుగు ఎంచుకోమ్మా" అన్నాను. మార్చింది. నిమిషంలో వచ్చేసింది, కాలేజీ గేటు దగ్గర తడిసిన తురాయి చెట్టు ఫోటోతో.